పెద్దలకూ పెళ్లిచూపులు కావాలి

సంపాదకుడు గారికి,

పెళ్లి సంబంధాల యాప్‌లో పరిచయమైన మనిషిని నమ్మి లక్షలు పోగొట్టుకున్న ఒక రిటైర్డ్ ఉద్యోగి గురించి ఈమధ్య మీ జిల్లా పేజీలో వార్త వేశారు. భార్య పోయి, పిల్లలు దూరంగా ఉన్న మనిషి ఆయన. ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఫోన్లో స్నేహాలు చేయవద్దన్న పోలీసుల హెచ్చరిక కూడా పక్కనే ఇచ్చారు. హెచ్చరిక మంచిదే. కానీ ఆ వార్త చదివి మా వీధిలో పెద్దాచిన్నా అన్న మాట ఒక్కటే: "ఈ వయసులో ఆయనకిదేం పోయేకాలం?" నా అభ్యంతరం ఆ మాట మీదే. ఆయన్ని మోసగాళ్ల పాలు చేసింది తోడు కావాలన్న కోరిక కాదు. ఆ కోరికను ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేకపోవడం.

నేను హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. నా భర్త కూడా లేరు. నాకు మళ్లీ తోడు వెతుక్కునే ఆలోచన లేదు. కానీ అమలాపురంలో నా ఈడువాళ్ల ఇళ్లకు వెళ్లివస్తూ ఉంటాను కనుక చాలామంది పరిస్థితి ఏమిటో నాకు తెలుసు. మన కోనసీమ ఇళ్లలో పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. రాజోలు, మలికిపురం వైపు అయితే కువైట్, మస్కట్, దుబాయ్. వాకిట్లో కొబ్బరిచెట్లు, పైన మేడ, లోపల ఒక్క ప్రాణి.

మా వెనక వీధిలో ఒకాయన ఉన్నారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నలుగురిలో తిరిగిన మనిషి. భార్య పోయాక రైస్ కుక్కర్లో అరగ్లాసు బియ్యం పడేసుకుంటారు, కర్రీ పాయింట్ నుంచి కూర ప్యాకెట్ తెచ్చుకుని సగం రాత్రికి దాచుకుంటారు. చూసినా చూడకపోయినా పొద్దస్తమానం టీవీ మోగుతూనే ఉంటుంది, ఇంట్లో ఏదో ఒక గొంతు వినబడాలి కదా. ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "టీచర్‌గారూ, ఇది ఒకసారి చూసి చెబుతారా అండీ. మావాడికి మాత్రం తెలియనివ్వకండి" అన్నారు. లండన్‌లో నర్సునని చెప్పుకున్న ఒకావిడ రాసిన మెసేజీలు అవి. పొద్దున్నే పలకరింపు, మధ్యాహ్నం భోజనం అయిందా అని, రాత్రి బీపీ మాత్ర వేసుకున్నారా అని. చివరి మెసేజీలో అసలు సంగతి ఉంది: మీకో బహుమతి పంపాను, ఢిల్లీ విమానాశ్రయంలో కస్టమ్స్‌వాళ్లు ఆపేశారు, పన్ను కట్టి విడిపించుకోండి. ఇది మోసమండీ, రూపాయి కూడా పంపకండి అన్నాను. ఆయన పంపలేదు. కానీ లేచి వెళ్తూ అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. "రోజూ భోంచేశారా అని అడిగింది ఆవిడొక్కర్తేనండీ."

ఆయన కొడుకు మంచివాడే. నెలనెలా డబ్బు పంపుతాడు, ఆదివారం వీడియో కాల్ చేస్తాడు. ఒంట్లో ఎలా ఉంది, మందులు అయిపోయాయా అని అడుగుతాడు. మీకు ఎవరైనా తోడుంటే బాగుంటుందా నాన్నా అని మాత్రం అడగడు. ఆ ఊహే అతనికి రాదు.

ఆడపిల్లకు సంబంధం వస్తే మనవాళ్లు ఎంత హడావుడి చేస్తారో అందరికీ తెలిసిందే. అబ్బాయి ఆఫీసులో వాకబు చేస్తారు. వాళ్ల ఊళ్లో మన చుట్టం ఎవరున్నారో వెతికి పట్టుకుని ఆరా తీస్తారు. అప్పులున్నాయా, అలవాట్లున్నాయా, ఇంతకుముందు సంబంధం ఏదైనా తప్పిపోయిందా అని కూపీ లాగుతారు. ఆ తర్వాత పెళ్లిచూపులు. అదే అరవై దాటిన తల్లికో తండ్రికో ఎవరైనా పరిచయమైతే ఒక్కరూ వాకబు చేయరు, ఎందుకంటే ఆ విషయం ఇంట్లో నోరెత్తి చెప్పే వీల్లేదు. మోసగాడికి కావాల్సింది సరిగ్గా ఇదే. "మన సంగతి అప్పుడే ఎవరికీ చెప్పకండి" అనడం వాళ్ల మొదటి పాఠం. చెబితే ఇంట్లో పరువు పోతుందని ముందే భయపడుతున్న మనిషికి ఆ మాట వింతగా కూడా అనిపించదు. వీడియో కాల్ చేసి, దాన్ని రికార్డు చేసి, మీవాళ్లకు పంపుతామని బెదిరించే ముఠాలు బతుకుతున్నది కూడా ఆ సిగ్గు మీదే.

మగవారి మాట ఇలా ఉంటే ఆడవాళ్ల మాట చెప్పనే అక్కర్లేదు. భార్య పోయిన మగవాడికి "పాపం, వండిపెట్టే దిక్కు లేదు" అనైనా ఎవరో ఒకరు సంబంధం మాట ఎత్తుతారు. భర్త పోయిన ఆడది కాస్త మంచి చీర కడితేనే కళ్లన్నీ ఆమె మీద ఉంటాయి. మన జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్లి, పరాయి ఇళ్లలో వంటా పనీ చేసి, పిల్లల చదువులకూ పెళ్లిళ్లకూ డబ్బు పంపిన తల్లులు ఎందరో ఉన్నారు. కన్నబిడ్డల మొహాలు ఏళ్ల తరబడి ఐమో కాల్‌లోనే చూసుకున్నవాళ్లు. వాళ్లు తిరిగొచ్చేసరికి భర్త ఉండడు, పిల్లల సంసారాలు పిల్లలవి. ఇంతమంది కోసం బతికిన మనిషి తనకోసం ఒక మాట అడిగితే తప్పేమిటి?

మనకు రెండు గంటల దూరంలో ఉన్న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అప్పటికి వితంతు వివాహాలను అనుమతించే చట్టం వచ్చి పాతికేళ్లు. చట్టం ఉన్నా పెళ్లికి పోలీసుల కాపు పెట్టుకోవాల్సి వచ్చింది, వెళ్లినవారికి వెలి భయం. ఇవాళ భర్త పోయిన పడుచుపిల్లకు మళ్లీ పెళ్లి చేయడం తప్పని పైకి అనేవాళ్లు తక్కువ. అరవై ఏళ్ల ఆమె దగ్గరకు వచ్చేసరికి మనం ఇంకా ఆ కాలంలోనే ఉన్నాం.

పరువు, లోకం అని పైకి ఎన్ని చెప్పినా చాలా ఇళ్లలో అసలు భయం ఆస్తిది. కొబ్బరితోట ఎవరికి పోతుంది, ఇల్లు ఎవరి పేర పడుతుంది? దాని గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవడమే మంచిది. 1856 నాటి ఆ వితంతు వివాహ చట్టమే మళ్లీ పెళ్లాడిన వితంతువుకు మొదటి భర్త ఆస్తిలో హక్కు లేకుండా చేసింది. 1956 హిందూ వారసత్వ చట్టంతో పరిస్థితి మారింది. భర్త నుంచి ఆమెకు సంక్రమించిన వాటా సంపూర్ణంగా ఆమెదే, తర్వాత పెళ్లి చేసుకున్నా అది పోదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. పిల్లలకు ఏం ఇవ్వాలో, తోడుగా వచ్చే మనిషికి ఏం ఇవ్వాలో ముందే వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టిస్తే సగం గొడవలు ఉండవు. పెన్షన్ సంగతి వేరు. ఉద్యోగుల పింఛను పథకం-1995 కింద భర్త తరఫున వచ్చే పెన్షన్ భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది. అందుకే కొందరు పెళ్లి మాట లేకుండా కలిసి ఉంటున్నారు. కూడుపెట్టే పెన్షన్‌కూ తోడుకూ మధ్య ఏదో ఒకటి తేల్చుకోమనడం అన్యాయం. ఆ నిబంధన మారాలి. ఈలోగా అలా కలిసి ఉండే జంటలను చులకన చేయవద్దు. పెళ్లి లాంటి బంధంలో ఉన్న స్త్రీకి కూడా 2005 గృహహింస చట్టం రక్షణ ఇస్తోంది.

ఇదంతా ఎక్కడా లేని వింత కాదు. హైదరాబాద్‌లో ఎన్.ఎం. రాజేశ్వరిగారు 2010లో 'తోడు నీడ' సంస్థ పెట్టి, ఒంటరి పెద్దలు ఒకరినొకరు ఎదురుగా కూర్చుని చూసుకుని మాట్లాడుకునే వీలు కల్పించారు. అహ్మదాబాద్‌లో నటుభాయ్ పటేల్‌గారు కూడా, 2001 భుజ్ భూకంపంలో భార్యలనూ భర్తలనూ పోగొట్టుకున్నవారిని చూసి, ఈ పనికే పూనుకున్నారు. మన జిల్లాలో రిటైర్డ్ ఉద్యోగుల సంఘాలు ఉన్నాయి, కల్యాణమండపాలు ఉన్నాయి. ఏడాదికి ఒకసారైనా అలాంటి సమావేశం అమలాపురంలో ఎందుకు పెట్టకూడదు? ఫోన్ వద్దని నేను అనడం లేదు. కాళ్లనొప్పులతో గడప దాటలేనివారికి అదే దారి. కాకపోతే ఫోన్లో పరిచయమైన మనిషిని నలుగురిలో కలవాలి, కలవని మనిషికి పైసా పంపకూడదు. ఒకవేళ పంపేస్తే సిగ్గుపడి దాచకుండా ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు దాటిపోకుండా ఆపే వీలు అంత ఎక్కువ.

మీకు ఒక మనవి. ఇటువంటి వార్తలు వేసేటప్పుడు బాధితుడి వయసును శీర్షికకు ఎక్కించకండి. అది చూసిన మరో పెద్దాయన తనకు జరిగిన మోసాన్ని కడుపులోనే దాచుకుంటాడు.

పిల్లలకూ ఒక మాట. మీ అమ్మకు ఎవరో పరిచయమయ్యారని తెలిస్తే ఆమె ఫోన్ లాక్కోకండి. ఆ మనిషి పేరూ ఊరూ కనుక్కోండి, మీ పెళ్లికి ఆమె తీసినట్టే ఆరా తీయండి, సెలవు పెట్టుకుని వచ్చి ఆయన్ని ఒకసారి స్వయంగా చూసి వెళ్లండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు,
అమలాపురం