అబిడ్స్ క్రిస్మస్ చెట్టు, శేషాచలం సైకస్

డిసెంబరు రాగానే హైదరాబాద్ అబిడ్స్ దుకాణాల ముందు ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్లు బారులు తీరతాయి. అసలు మొక్కే కావాలనుకునేవారు నర్సరీకెళ్లి, అంతస్తులుగా కొమ్మలు చాచిన అరకేరియా కుండీ తెచ్చుకుంటారు. దాని పుట్టిల్లు పసిఫిక్ దీవులు. అందులో ఒక జాతిది నార్ఫోక్ దీవి, మరొకదానిది న్యూ కెలడోనియా. ఊరూరా నర్సరీల్లో దొరికే నార్ఫోక్ జాతి, పుట్టినచోట మాత్రం ముప్పు జాబితాలో ఉంది. ఒక మొక్క ఎన్ని కుండీల్లో ఉందన్నది వేరు, సొంత నేల మీద ఎంత భద్రంగా ఉందన్నది వేరు. మన పచ్చదనం లెక్కల్లో ఈ తేడా కనిపించదు.

న్యూజిలాండ్‌కు మాత్రం ఈ తేడా అనుభవం మీద తెలిసొచ్చింది. అక్కడి కొండల మీది చిత్తడి నేలల్లో పిగ్మీ పైన్ పెరుగుతుంది. ఆ దేశం దాటితే మరెక్కడా సహజంగా ఉండదు. అరకేరియా వంటి శంకువుల చెట్లను కోనిఫర్లంటారు; వాటన్నింటిలో ఇదే అతి చిన్నదని చెబుతారు. జానెడు ఎత్తైనా ఎదగకముందే కాపుకొస్తుంది. నేలబారు కొమ్మల చివర ఒక్కో గింజ, దాని అడుగున కండపట్టిన ఎర్రటి భాగం, ఆ ఎరుపుకు ఆశపడి వచ్చే పక్షులు. అవే గింజల్ని మోసుకెళ్తాయి. ఈ కొండలకే ఉత్తర అమెరికా నుంచి తెచ్చిన కాంటోర్టా పైన్ ఎగబాకింది. గాలికి ఎగిరే విత్తనాలతో, దేశవాళీ అడవి ఆగిపోయే ఎత్తును కూడా దాటుతోంది. దాని నీడ పడితే పొట్టి మొక్కలకు బతుకు లేదు. అందుకే అక్కడి ప్రభుత్వం 2016లో జాతీయ కార్యక్రమం పెట్టి మరీ ఈ వలస చెట్లను తొలగిస్తోంది. చెట్లు కొట్టేయడం కూడా ప్రకృతి రక్షణే అయ్యే సందర్భాలుంటాయి.

మన నేలకూ ఈ కోనిఫర్ల వంశంతో చుట్టరికం ఉంది. గోండ్వానా మహాఖండంలో భారత్, న్యూజిలాండ్ ఒకటిగా ఉండేవి. ఆసిఫాబాద్ ప్రాంతపు గంగాపూర్ శిలల్లో కోనిఫర్ల శిలాజాలు దొరికాయి. భూఫలకం ఉత్తరానికి జరిగి, వాతావరణం మారి, పూలమొక్కలు విస్తరించాక దక్కన్‌లో ఆ వంశం అంతరించింది. దక్షిణాదిలో సహజంగా మిగిలిన కోనిఫర్ పడమటి కనుమల నజియా ఒక్కటే.

కోనిఫర్ కాకపోయినా, శంకువులు కాసే పాత మొక్కల వర్గంలోనిదే శేషాచలం కొండల సైకస్ బెడ్డోమీ. ఆంధ్రప్రదేశ్‌కే పరిమితమైన ఈ పొట్టి మొక్క రాళ్ల సందుల్లో, ఎండుగడ్డి మధ్య నెమ్మదిగా పెరుగుతుంది. ఆడ, మగ మొక్కలు వేరు. నాటుమందుల కోసం మగ శంకువుల్ని కోసేస్తే పుప్పొడి ఉండదు, ఆడమొక్కకు గింజ పట్టదు. వన్యజాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం దీన్ని మొదటి అనుబంధంలో చేర్చింది. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. కానీ సైటీస్ ఆపగలిగేది రేవుల్లో, విమానాశ్రయాల్లో జరిగే రవాణానే. కొండ మీద కొడవలినీ, వేసవి కార్చిచ్చునూ ఆపాల్సింది అటవీ బీటు సిబ్బంది. ఇలాంటి మొక్కకు జాబితా కన్నా కొండ మీది కాపలాయే పెద్ద రక్ష.

ఇక కొత్తగా మొక్కలు నాటే పని చూస్తే, తెలంగాణ 2015లో హరితహారం కార్యక్రమం మొదలుపెట్టింది. త్వరగా గుబురుకడుతుందని విరివిగా వేసిన విదేశీ కోనోకార్పస్‌ను ఇక నాటొద్దని 2022లో ఆదేశాలివ్వాల్సి వచ్చింది. సంఖ్యే లక్ష్యమైతే వేగంగా పెరిగే పరాయి మొక్కే గెలుస్తుంది.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉద్యానశాఖ కార్యాలయం ఉంది. ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శన 1938లో మొదలైందీ ఆ తోటలోనే. స్థానిక జాతుల్ని పేరుపలకలతో ఆ తోటలో పెంచి, నుమాయిష్ జనానికి చూపించడం పెద్ద ఖర్చేమీ కాదు. అటు ఆంధ్రప్రదేశ్ అటవీశాఖ శంకువులు వచ్చే కాలంలో శేషాచలంలో గస్తీ పెంచాలి. ఏటా ప్రకటించే మొక్కల సంఖ్య పక్కన, వాటిలో దేశవాళీవి ఎన్ని, మూడేళ్లకు బతికినవి ఎన్ని అన్న అంకెలు కూడా రెండు ప్రభుత్వాలూ ప్రజల ముందుంచాలి.