పద్దెనిమిది వేల నాలుగు వందలు ఎవరి పద్దు?

మా కనకాలపేటలో టీ బడ్డీ దగ్గర పొద్దున్నే నలుగురు పెద్దమనుషులు చేరతారు. ఆదివారాలు నేనూ చేరతాను. పోయిన నెల అక్కడ ఒక రిటైరైన మాస్టారు హిజ్రాల మీద తీర్పు చెప్పేశారు. "గవర్నమెంటు వాళ్ళకి అన్నీ ఇచ్చిందండి. చట్టం ఇచ్చింది, పింఛను ఇచ్చింది. అయినా రైలెక్కి చప్పట్లు కొట్టడం మానరు. కష్టపడి బతకడం చేతకాని జాతండి అది." మిగతావాళ్ళు తలలూపారు. నేను ఊపలేదు గానీ, నోరూ విప్పలేదు. టీ తాగి వచ్చేశాను. మాస్టారు ఈ పత్రిక చదువుతారు కాబట్టి అక్కడ చెప్పలేని జవాబు ఇక్కడ చెబుతున్నాను.

చట్టాలు ఉన్నమాట నిజమే. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వాళ్ళని మూడో జెండర్‌గా గుర్తించమంది. 2015 ఏప్రిల్ 23న రిజర్వు బ్యాంకు, అన్ని బ్యాంకు ఫారాల్లోనూ మూడో గడి పెట్టమని సర్క్యులరు పంపింది. 2018లో పాన్ కార్డు దరఖాస్తులోకీ ఆ గడి వచ్చింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం ఇల్లు అద్దెకివ్వడంలో కూడా వివక్ష చూపకూడదంది. మన చుట్టూ ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళ పింఛను 2024లో నాలుగు వేలయింది. ఇంతవరకూ మాస్టారి లెక్క సరిపోయింది. అయితే ఈ చట్టం ఢిల్లీ నుంచి బయల్దేరి ఎక్కడిదాకా వస్తుంది? కౌంటరు దాకా. కౌంటరు వెనక కూర్చున్నది నాలాంటివాడు.

2016 ఫిబ్రవరిలో నేను గోదావరి జిల్లాల్లో ఒక బ్యాంకు శాఖలో ఆఫీసరుని. ఏ బ్యాంకో ఏ ఊరో రాయను, ఎందుకంటే తప్పు నాది. ఒకావిడ వచ్చారు. నేత చీర, ముడి, చేతిలో ప్లాస్టిక్ కవరు. సేవింగ్సు ఖాతా కావాలన్నారు. ఇచ్చిన ఓటరు కార్డులో నూనూగు మీసాల కుర్రాడి ఫొటో, మగ పేరు.

"ఇది మీది కాదు కదా" అన్నాను.

"నాదేనండి. అప్పటిదండి" అన్నారు. మళ్ళీ కాస్త చనువు తెచ్చుకుని, "తవరిది కనకాలపేటంట కదండీ? మాది ఆ పక్కపేటేనండి. అమ్మకి డబ్బులు పంపుకోవాలండి. చేతికిస్తే మా తమ్ముడు తాగేస్తన్నాడండి" అన్నారు.

పగటిపూట గుమ్మం తొక్కొద్దన్న ఇల్లది. ఆ ఇంటికి పంపడానికే ఖాతా అడుగుతున్నారు. వెనక వరసలో జనం వింటున్నారు. ఈ మనిషిది మా ఊరని పదిమందికీ తెలియడం నాకు నామోషీ అనిపించింది. గెజిటులో పేరు మార్పించుకుని రమ్మని పంపేశాను.

నా వృత్తిలో ఉన్నవాళ్ళకి తెలిసిన సంగతి ఒకటుంది. గుర్తింపు కాగితాలు సరిగా లేనివాళ్ళకి 'చిన్న ఖాతా' తెరవొచ్చు. ఒక ఫొటో, అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో ఉంటే చాలు. నిల్వ యాభై వేలు దాటకూడదు, ఏడాది జమలు లక్ష దాటకూడదు, నెలకి పది వేలకు మించి తీయకూడదు. పన్నెండు నెలలు నడుస్తుంది. ఈలోగా కాగితాలకు దరఖాస్తు పెట్టుకున్నట్టు చూపిస్తే ఇంకో పన్నెండు నెలలు. ఆవిడకి సరిగ్గా సరిపోయే ఖాతా అదే. ఆ సంగతి నాకు తెలుసు. మూడో గడి సర్క్యులరు వచ్చి అప్పటికి పది నెలలు. దాని మీద పొడి సంతకం పెట్టి ఫైల్లో పెట్టినవాణ్ణి నేనే.

ఆ ఏడే నవంబరు 8 రాత్రి అయిదువందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. మూడో రోజో నాలుగో రోజో ఆవిడ మళ్ళీ వచ్చారు. మగవాళ్ళ వరసలో నిలబడితే ఈలలు. ఆడవాళ్ళ వరసలోకి వెళితే ఒకామె పైట సర్దుకుని గార్డుని పిలిచింది. గార్డు ఇటు తోశాడు, అటు తోశాడు. అద్దాల గదిలోంచి ఇదంతా చూస్తూనే ఉన్నాను. లేచి వెళ్ళడానికి పది నిమిషాలు పట్టింది.

ఆవిడ దగ్గర 92 అయిదువందల నోట్లున్నాయి. నలభై ఆరు వేలు. మార్పిడి మనిషికి నాలుగు వేలే, దానికీ గుర్తింపు కార్డు చూపాలి. కార్డు మీద ఆ కుర్రాడే ఉన్నాడు. ఖాతా ఉన్నవాళ్ళు మాత్రం డిసెంబరు 30 దాకా ఎంతైనా జమ చేసుకోవచ్చు. ఫిబ్రవరిలో నేను తెరవని ఆ చిన్న ఖాతాలో నలభై ఆరు వేలూ భేషుగ్గా పట్టేవి. "ఇప్పుడు కొత్త ఖాతాలు తెరిచే తీరిక లేదమ్మా" అన్నాను. ఆ 'అమ్మా' అనడం కూడా జనం ముందు మంచితనం చూపించుకోవడానికే.

సంక్రాంతి వెళ్ళాక యానాంలో మంగళవారం సంతలో కనిపించారు. నేను తప్పుకుని పోబోతే ఆవిడే పలకరించారు. నోట్లు ఎవరో బ్రోకరుకి నూటికి అరవై చొప్పున ఇచ్చేశారట. తిట్టలేదు, శపించలేదు. "పోనీలెండి, మొత్తం పోలేదు కదండీ" అన్నారు.

నేను బి.కాం. చదివినవాణ్ణి, లెక్క చెప్పగలను. నలభై ఆరు వేలకి వచ్చినది 27,600. పోయినది 18,400. దాన్ని మళ్ళీ సంపాదించాలంటే, రైల్లో ఒక్కరూ కాదనకుండా తలా పది రూపాయలిచ్చినా 1,840 మంది ముందు చప్పట్లు కొట్టాలి. మాస్టారూ, కష్టపడి దాచుకున్న సొమ్ము అది. ఆ చప్పట్లు కొట్టించినవాణ్ణి నేను. ఈ నష్టాన్ని ఎవరి పద్దులో రాయమంటారు?

రైల్లో దబాయింపు లేదని నేననను. కాకినాడలో సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వైపు వెళ్ళేటప్పుడు నేనూ తిట్లు తిన్నాను, చిల్లర లేదన్నందుకు. కోపం వచ్చింది కూడా. కానీ ఆ పెట్టెలోనే లంచగొండి గుమాస్తాలూ, కట్నం తిన్న మామగార్లూ దర్జాగా పడుకుని ఉంటారు. వాళ్ళని చూసి ఏ జాతినీ మనం తిట్టం.

ఆ 'జాతి' అన్న మాట మాస్టారు కనిపెట్టింది కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేసి, రెండో భాగంలో నపుంసకుల పేర్లకి రిజిస్టరు పెట్టారు. 1919లో నిజాం రాజ్యం అదే దారి పట్టింది. రిజిస్టరులో ఉన్న మనిషి ఆడ దుస్తుల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు, రెండేళ్ళ దాకా జైలు. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసేదాకా, నూటనాలుగేళ్ళు, ఆ చట్టం పుస్తకంలో ఉంది. చేతకానితనం గురించి మాట్లాడేముందు ఎవరి చేతులు ఎవరు కట్టారో చూడాలి. కట్లు కాస్త సడలగానే ఏమైందో కూడా చూడాలి. 2022లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ వైద్యులు ఉద్యోగంలో చేరారు. 2024 డిసెంబరులో అదే నగరంలో ట్రాఫిక్ నడపడానికి ముప్పై తొమ్మిది మందిని తీసుకున్నారు. చప్పట్లు కొట్టే చేతులే సిగ్నలు దగ్గర లారీలని ఆపుతున్నాయి. తమిళనాట పుట్టిన ఎ. రేవతి తన జీవితం తానే రాసుకుంటే, పి. సత్యవతిగారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. మాస్టారికి నా ప్రతి పంపిస్తాను.

మన యానాం సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. 1929లో శారదా చట్టం వస్తే ఇంగ్లీషు ఇలాకాలోని తల్లిదండ్రులు పసిపిల్లల్ని చంకనేసుకుని ఫ్రెంచి యానానికి వచ్చి పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. కల్యాణపురం అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నాం. చట్టం వద్దన్నదానికి అంత ఓపిగ్గా పందిళ్ళు వేసిన ఊరు, చట్టం చెయ్యమన్నదానికి ఒక వాటా తాళం తియ్యలేకపోతోంది.

మనకి గడి విలువ తెలియదా? ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న పాండిచ్చేరి కింద బతుకుతున్నాం. యానాంలో తెలుగు వాడుకోవచ్చని 1965 నాటి అధికార భాషల చట్టంలో ఉంది. అయినా ఒక ఆఫీసులో మా నాన్నగారి చేతికి తమిళ ఫారం ఇచ్చి, నింపుకు రమ్మన్నారు. ఆయన ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆ కథ నేను సభల్లో ఎన్నోసార్లు చెప్పాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఫిబ్రవరిలో ఆ కవరు పట్టుకుని వెళ్ళిపోయిన మనిషి ఇంటికెళ్ళి అన్నం తిన్నారో లేదో నాకు తట్టలేదు.

పత్రిక భాషాభిమానులది కాబట్టి ఒక చిన్న మాట. టీ బడ్డీ దగ్గర వాళ్ళని 'వాడు' అంటారు, లేదా 'అది' అంటారు. ఇంగ్లీషువాళ్ళు ఇప్పుడు సర్వనామాలకోసం తెగ కొట్టుకుంటున్నారు. మనకా అవస్థ లేదు. మీరు, వారు, వచ్చారు, కూర్చున్నారు. మన మర్యాదకి ఆడా మగా లేదు. అమ్మమ్మల నాటి నుంచీ మన నోట ఉన్న మాటలే ఇవి. నర్తనశాలలో రామారావుగారు బృహన్నలగా వస్తే కళ్ళకద్దుకున్నాం, వానలు లేకపోతే విరాటపర్వం చదివించుకున్నాం. గుమ్మంలోకి వచ్చిన మనిషిని 'రండి' అనడానికి మాత్రం నోరు పెగలదు.

మాస్టారికి ఇంత చెప్పాను కాబట్టి నా సంగతీ చెప్పాలి. మా నాన్నగారు కట్టిన ఇంటి వెనక వాటా రెండు నెలలుగా ఖాళీగా ఉంది. పదిహేను రోజుల క్రితం ఒకరు అడిగారు. కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడతారు, ఇద్దరుంటారు, మూడు నెలల అడ్వాన్సు ముందే ఇస్తామన్నారు. ఫోనులో గొంతు విని నాకు అర్థమైంది, వాళ్ళూ దాచలేదు. ఆరు ఇళ్ళు తిరిగామని చెప్పారు. ఇంట్లో చెబితే మా ఆవిడ "ఎదురింటి వాళ్ళేమంటారండీ" అంది. ఎదురిల్లు మాస్టారిదే. ఆదివారం వచ్చి వాటా చూసుకోమని వాళ్ళకి చెప్పాను. మా ఆవిడ ఇంకా సరే అనలేదు.