గరాజ్ తలుపు తీస్తే సరిపోదు

అక్కాచెల్లెళ్లూ, 2012 అక్టోబర్ 29న శాండీ తుఫాను వచ్చి మన ఐసెలిన్‌లో కరెంటు పోయిన రోజులు గుర్తున్నాయా? ఇప్పటికీ మనవాళ్లు జనరేటర్ తడుస్తుందని గరాజ్‌లో పెట్టి, "తలుపు తీశాంగా" అంటారు. నర్సుగా చెప్తున్నా, అది చాలదు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతులు మొదలైతే తిండి పడలేదనుకోకండి. వెంటనే బయటికొచ్చి 911కి ఫోన్ చేయండి.

జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా ఉండాలి. వానలో నడపొద్దు, ఆగేదాకా ఓపిక పట్టండి. ఇంజన్ చల్లారాకే పెట్రోలు పోయండి. వైరు గోడ ప్లగ్గులో పెడితే బయట లైను బాగుచేసేవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. జనరేటర్‌తోపాటే బ్యాటరీ అలారం కూడా కొనమని ఇంట్లో గట్టిగా చెప్పండి. ఫ్రిజ్‌లో పాలు పోతే పోనీ, మళ్లీ కొనుక్కుందాం.