కర్ర బరువు – చేతి బలం

చికాగో మహానగరానికి పశ్చిమాన, ఫాక్స్ నది ఒడ్డున ఉన్న అరోరా పట్టణం అమెరికాలోని తెలుగువారికి కొత్త పేరు కాదు. 1986లో ప్రతిష్ఠితమైన శ్రీ వేంకటేశ్వరాలయం వారిని ఆ ఊరికి రప్పించింది. అదే సంవత్సరం తలుపులు తెరిచిన ఇల్లినాయ్ గణిత విజ్ఞానశాస్త్ర అకాడమీ వారి పిల్లలను ఆకర్షించింది. సమీపంలోని బటావియాలో, ఎన్రికో ఫెర్మీ పేరు పెట్టుకొన్న ఫెర్మీలాబ్‌లో, ప్రోటాన్లను ప్రతిప్రోటాన్లతో ఢీకొట్టించిన శాస్త్రవేత్తలు టాప్ క్వార్కును కనుగొన్నట్లు 1995లో ప్రకటించారు. ఢీకొనడంలోని మర్మాలను అంత లోతుగా శోధించిన ఆ ప్రాంతంలోనే, ఇళ్ల బేస్‌మెంట్లలో ఒక చిన్న ప్రశ్న మాత్రం నేటికీ ఊహాగానాలతోనే తేలుతున్నది: పూల్ ఆటలో బ్రేక్ కొట్టే క్యూ కర్ర ఎంత బరువుండాలి?

ప్రశ్న చిన్నదే కావచ్చు. కాని దాని ఫలితం పిల్లలు అనుభవిస్తున్నారు. ముచ్చటపడి పూల్ బల్ల కొన్న తండ్రి, అంగడిలో ఉన్న వాటిలోకెల్లా బరువైన 21 ఔన్సుల కర్రను ఎంచి, ఎనిమిదో తరగతి చదివే కూతురి చేతికి ఇస్తాడు. “బరువుంటేనే దెబ్బ పడుతుందమ్మా” అంటాడు. “నాన్నా, ఇది నా చేతికి ఆగడం లేదు” అన్న ఆమె మాట సాకుగా వినిపిస్తుంది. తెల్లబంతి బల్ల దాటి కార్పెట్ మీద పడుతుంది. నాలుగు వారాలకు కూతురు బేస్‌మెంటుకు దిగడం మానుకొంటుంది. తప్పు ఆమె చేతిలో లేదు, తండ్రి లెక్కలో ఉన్నది.

ఈ లెక్కకు మూలం తెలుగు పల్లెల్లో ప్రతి పిల్లవాడూ ఆడిన గోలీలాటలోనే ఉంది. ఒక గోలీ తనంత గోలీని సూటిగా కొడితే, కొట్టినది నిలిచిపోతుంది, తగిలినది దాదాపు అదే వేగంతో పోతుంది. అనగా సమాన ద్రవ్యరాశి గల రెండు వస్తువులు ఎదురెదురుగా తాకినప్పుడే గతిజశక్తి పూర్తిగా చేతులు మారుతుంది. రోములో 1934లో ఫెర్మీ న్యూట్రాన్ల వేగాన్ని పారఫిన్ మైనంతో తగ్గించగలిగింది ఈ సూత్రం వల్లనే. మైనంలోని హైడ్రోజన్ కేంద్రకం బరువు ఇంచుమించు న్యూట్రాన్ బరువే. 1942 డిసెంబరు 2న, చికాగో విశ్వవిద్యాలయపు క్రీడామైదానం గ్యాలరీ కింద ఒక స్క్వాష్ కోర్టులో తొలి అణు రియాక్టరు పనిచేసినప్పుడు, మితకారిగా వాడిన గ్రాఫైటు చేసిన పని కూడా అదే. కార్బన్ కేంద్రకం న్యూట్రాన్ కన్నా పన్నెండు రెట్లు బరువైనది గనుక, ఒక సూటి దెబ్బలో అది గ్రహించే శక్తి 28 శాతమే. అందుచేత అక్కడ ఎన్నో దెబ్బలు కావలసివచ్చాయి.

అటులైతే ఆరు ఔన్సుల తెల్లబంతికి ఆరు ఔన్సుల కర్రే తగినది కావాలి గదా అన్న సందేహం సహజం. కాని అట్టి కర్రతో ఎవరూ బ్రేక్ కొట్టరు. క్యారమ్స్‌లో స్ట్రైకరు బరువు 15 గ్రాములకు మించరాదు, కాయ బరువు 5 నుండి 5.5 గ్రాములు. నిష్పత్తి సుమారు మూడు. పూల్‌లో సాధారణమైన 19 ఔన్సుల కర్రకూ, 6 ఔన్సుల బంతికీ నిష్పత్తి మూడుకు కొంచెం పైన. వేర్వేరు దేశాలలో పెరిగిన రెండు ఆటలు ఒకే నిష్పత్తి దగ్గరకు చేరడానికి కారణం చెక్కలో లేదు, కదిలించే చేతిలో ఉన్నది.

కర్ర ఒక్కటే కదలదు. ముంజేయి, అరచేయి దానితో కదలాలి. కర్రను ఎంత తేలిక చేసినా చేతి బరువు తగ్గదు గనుక, వేగం ఆ మేరకు పెరగదు. పైగా కండరం వేగంగా ముడుచుకొనేకొద్దీ దాని లాగుడు బలం తగ్గుతుందని ఎ.వి. హిల్ 1938లోనే నిరూపించాడు. ఇక తాకే క్షణానికి వస్తే, కర్ర కొన బంతిని అంటి ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు మాత్రమే. ఆ స్వల్పకాలంలో మెత్తని పిడికిలి బంతికి అందించగల సాయం అత్యల్పం. కర్రకు వేగం ఇచ్చేది చేయి, బంతిని కొట్టేది కర్ర.

ఈ రెంటినీ కలిపి లెక్క వేయవచ్చు. చేతి ప్రభావ ద్రవ్యరాశి 24 ఔన్సులనీ, కండరం ప్రతిసారీ అంతే పని చేస్తుందనీ అనుకొందురు గాక. అప్పుడు బంతి గరిష్ఠ వేగం 20 ఔన్సుల కర్రతో వస్తుంది. అయితే 18 ఔన్సుల కర్రతో కలిగే నష్టం వేయింటికి రెండు పాళ్లే! 21 ఔన్సులతో తేడా అంతకన్నా స్వల్పం. ప్రపంచ పూల్ నిబంధనలు అనుమతించే గరిష్ఠమైన 25 ఔన్సుల కర్రతో సైతం నష్టం ఒక శాతం లోపే. ఆరు ఔన్సుల కర్రతో మాత్రం అయిదో వంతు వేగం పోతుంది. అనగా ఈ వక్రరేఖకు శిఖరం లేదు, విశాలమైన పీఠభూమి ఉన్నది. బరువైనదే మేలన్న వారూ, తేలికైనదే మేలన్న వారూ ఆ పీఠభూమి మీదనే నిలబడి వాదించుకొంటున్నారు.

అదే లెక్కలో చేతి బరువును సగానికి, అనగా 12 ఔన్సులకు, తగ్గించినచో గరిష్ఠ స్థానం 15 ఔన్సుల చెంతకు జరుగుతుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి చెప్పినది సాకు కాదు, భౌతికశాస్త్రం. ధాన్యం దంచే ఇంట్లో అత్తగారి రోకలి కొత్త కోడలి చేతికి అందించే ముందు, ఆ చేయి ఎంత మోయగలదో చూసేవారు. ఆ పాటి వివేకం క్యూ కర్ర విషయంలో లోపించనక్కరలేదు.

వేగం పెంచడానికి బరువు కన్నా మేలైన మార్గం కర్ర కొననున్న చిన్న బిళ్లలో ఉన్నది. తోలు బిళ్లకు ప్రత్యావస్థాన గుణకం 0.73 ప్రాంతాన ఉంటే, ఫినాలిక్ బిళ్లకు 0.85 వరకు ఉంటుంది. కర్ర వేగం మారకపోయినా దీనివల్ల బంతి వేగం సుమారు 7 శాతం పెరుగుతుంది. చేతి వేగం ఏమాత్రం తగ్గదనే అసాధ్యమైన ఊహను అంగీకరించినా, 18 ఔన్సుల నుండి 21 ఔన్సులకు పోతే కలిగే లాభం 4 శాతం లోపే. గట్టి బిళ్ల బంతి నడిమిన పడకపోతే త్వరగా జారుతుందన్న హెచ్చరిక మాత్రం మరువరాదు.

వేగానికి మించినది సూటిదనం. బంతి వ్యాసం రెండుంబాతిక అంగుళాలు. తెల్లబంతి మొదటి బంతి నడిమికి ఒక అంగుళం పక్కగా తాకితే, దాని శక్తిలో అయిదో వంతు బంతుల గుంపుకు చేరనే చేరదు. ఆ శక్తితో తెల్లబంతి తన ఇష్టం వచ్చిన దిక్కుకు పోతుంది, తరచుగా సంచిలోకే పోతుంది. ఎనిమిది అడుగుల బల్ల మీద ఈ అంగుళం తప్పు కోణంలో ఒకటింబాతిక డిగ్రీ మాత్రమే. చేతికి మించిన బరువు చివరి క్షణంలో మణికట్టును అంతమాత్రం తిప్పడం ఎంతసేపు?

కావున అంగడిలో ధర చీటీ, తూకం చూసి కర్ర కొనే పద్ధతి విడిచి, కొలిచి కొనే పద్ధతి అలవరచుకోవాలి. ఇందుకు ప్రయోగశాల అవసరం లేదు. కర్ర బంతిని తాకిన చప్పుడు ఒకటి, తెల్లబంతి గుంపును తాకిన చప్పుడు మరొకటి. జేబులోని ఫోనులో ధ్వని ముద్రించి, ఆ రెంటి నడుమ కాలాన్ని కొలవవచ్చు. ఎనిమిది అడుగుల బల్ల మీద, తెల్లబంతిని హెడ్ స్ట్రింగ్ గీత నడుమ ఉంచితే అది పోయే దూరం సుమారు 1.06 మీటర్లు. కాలం 0.12 సెకను అయితే వేగం సెకనుకు 8.8 మీటర్లు, గంటకు దాదాపు 20 మైళ్లు. 17, 18, 19, 21 ఔన్సుల కర్రలను స్నేహితుల వద్ద అడిగి తెచ్చి, ఒక్కొక్కదానితో పదేసి దెబ్బలు కొట్టి, వేగంతోపాటు తెల్లబంతి బల్ల నడుమ నిలిచిన సార్లను కూడా పట్టికలో వ్రాసుకోవాలి. వేగాల్లో తేడా స్వల్పంగా ఉంటే, ఎక్కువసార్లు సూటిగా పడిన కర్రే సరైన కర్ర. ఏదీ తేలకపోతే, రోజూ ఆడే కర్ర బరువునే బ్రేక్‌కూ ఉంచుకోవడం ఉత్తమం. చేతికి అలవాటైన బరువు కూడా ఒక ఆస్తే.

కొరియోలిస్ వంటి మహాగణితజ్ఞుడు 1835లో బిలియర్డ్స్ ఆట మీద ఒక సంపూర్ణ గ్రంథం వ్రాశాడు. ఆటను తక్కువగా చూడక, దానిలో శాస్త్రాన్ని చూసిన దృష్టి అది. సైన్సు ఫెయిర్ కోసం ఎక్కడెక్కడో వెతికే తల్లిదండ్రులు ఒకసారి బేస్‌మెంటుకు దిగి చూడాలి. ఆ పట్టికలో తండ్రి పేరు, కూతురి పేరు పక్కపక్కన ఉండాలి. ఇద్దరికీ వేర్వేరు అంకెలు వస్తే, ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.