పిల్లల విభాగానికి పంపమన్నారు

ఈమధ్య ఒక కథల పోటీ నుంచి మా హనుమాన్ జంక్షన్ రచయిత కథ ఒకటి తిరిగొచ్చింది. కథ బాగానే ఉందట, సైన్సు కథ కాబట్టి పిల్లల విభాగానికి పంపుకోమని సలహా. ఆ కథలో పిల్లలెవరూ లేరు. చంద్రుడి దక్షిణధ్రువం దగ్గర రాత్రి పడబోతోందని, పడితే తాను ఏళ్ల తరబడి కట్టిన యంత్రం మళ్లీ లేవకపోవచ్చని తెలిసిన నడివయసు ఇంజనీరు ఉన్నాడు. 2023 ఆగస్టు 23న మన ల్యాండర్ విక్రమ్ దిగే సమయానికి అక్కడ అప్పుడే పొద్దుపొడిచింది. మన లెక్కన సుమారు పద్నాలుగు రోజులుండే ఆ పగలు ముగియవస్తుండగా దాన్ని నిద్రపుచ్చారు. సెప్టెంబరులో మళ్లీ తెల్లవారింది, అది మాత్రం పలకలేదు. ఇందులో పిల్లల విషయం ఏముందో న్యాయనిర్ణేతలే చెప్పాలి.

బహుమతులు ఎవరికొచ్చాయన్నది మాకు ముఖ్యం కాదు (అని రాయడం సంపాదకీయ మర్యాద). అయితే మొదటి బహుమతి కథలో విదియనాటి చంద్రుడు అర్ధరాత్రి నడినెత్తిన వెలుగుతున్నాడు. విదియ నెలవంక పొద్దుగూకాక కాసేపటికే పడమట దిగిపోతుంది. అదే రచయిత వైశాఖంలో వరినాట్లు వేయించి ఉంటే గుడివాడ, పామర్రు పాఠకులు ఉత్తరాలతో దుమ్ము దులిపేవారు. నేల మీద తప్పు తప్పయింది, నెత్తి మీద తప్పు కవిత్వమైంది. మన పాత పద్యకవులకు ఏ తిథికి చంద్రుడు ఏ జామున వస్తాడో తెలుసు. పంచాంగం ఇంట్లో ఉండీ అది మనకు తెలియకుండా పోయింది.

అమెరికాలో వ్యోమింగ్ విశ్వవిద్యాలయంలో మైక్ బ్రదర్టన్ అనే ఖగోళశాస్త్ర ఆచార్యుడు 2007లో ఒక వర్క్‌షాప్ మొదలుపెట్టాడు. ఆయనా నవలాకారుడే. లారమీ అనే ఊళ్లో రచయితలను కూర్చోబెట్టి నక్షత్రాలు ఎలా పుడతాయో, కాంతి ఏం చెబుతుందో పాఠం చెప్పి, టెలిస్కోపు దగ్గరికి తీసుకెళ్లేవారు. మొదట్లో డబ్బు నాసా ఇచ్చింది. ఒక తరగతిలో వందమందికి చెప్పే పాఠం, ఒక మంచి నవలలోకి ఎక్కితే వేలమందికి చేరుతుందన్నదే వాళ్ల లెక్క. మనకు శ్రీహరికోట ఉంది. 1971 నుంచి అక్కడ రాకెట్లు లేస్తున్నాయి. అక్కడికి తెలుగు కథకులను పిలిచి నాలుగు రోజులు పాఠం చెప్పిన దాఖలా మాకు కనబడలేదు. రాకెట్ల కోసం ఆ దీవిని వదిలిన యానాదుల గురించి మనం రాసిందీ తక్కువే.

ఖగోళం నేర్చుకోవడమంటే తప్పులు దిద్దుకోవడమేనని కొందరి అపోహ. కథలు దొరికేది అక్కడే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన డెల్టా మీదుగా వెళ్లింది. ఫ్రాన్సు నుంచి ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చి మకాం పెట్టాడు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ బందరులో దుర్భిణి నిలబెట్టాడు. అదే వేధశాల ఉద్యోగి చింతామణి రఘునాథాచారి వనపర్తిలో ఉన్నాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని విడదీస్తే ప్రకాశమానమైన గీతలు కనిపించాయి. అందులో ఒక పసుపు గీత సోడియం గీతకు దగ్గరలోనే ఉంది గానీ సరిగ్గా దాని చోట లేదని బందరులో పాగ్సన్ గమనించాడు. జాన్సెన్ మర్నాడు గ్రహణం లేకుండానే ఆ జ్వాలలను మళ్లీ చూశాడు. అక్టోబరులో ఇంగ్లండు నుంచి లాకియరూ చూశాడు. ఇద్దరి ఉత్తరాలూ ప్యారిస్ అకాడమీకి ఒకేరోజు చేరాయి. ఇద్దరి బొమ్మలతో పతకం పోశారు. పాగ్సన్ బొమ్మ దాని మీద లేదు. ఆ పసుపు గీత హీలియందని తర్వాత తేలింది. భూమ్మీద అది చేతికి చిక్కింది 1895లో.

ఆ బందరు అప్పటికి ఎలా ఉందో కూడా తలచుకోండి. నాలుగేళ్ల ముందు, 1864 నవంబరు 1న, ఉప్పెన వచ్చి సుమారు ముప్పైవేలమందిని తీసుకుపోయింది. ఊరంతా ఇంకా తేరుకోని ఆ చోట, పట్టపగలు చీకటి పడితే జనం ఏమనుకున్నారు? దొర చూపిన పసుపు గీతను దుబాసీ ఏమని చెప్పాడు? ఇంత నవల నేల మీద పడి ఉంది. దాన్ని ఎత్తుకోవాలంటే వర్ణపటం అంటే ఏమిటో, ఆ గీత ఎందుకు కొత్తదో తెలియాలి. తెలియనప్పుడు మిగిలేది గ్రహణం మీద భావకవిత్వం.

కథకు గుండె కావాలి, లెక్కలు కాదు అనేవాళ్లున్నారు. అంగారకుడికి పలకరింపు చేరడానికి దూరాన్నిబట్టి మూడు నుంచి ఇరవైరెండు నిమిషాలు పడుతుందన్న లెక్కలో, తల్లి పోయిన వార్త విని కొడుకు ఏడ్చే ఏడుపు ఎప్పటికి చేరుతుందో ఆలోచించమని వాళ్లకు మనవి.

ఇక రెండో గుంపు. వీళ్లకు ఏదీ నేర్చుకోనక్కర్లేదు, అంతా మనవాళ్లు ముందే చెప్పేశారు. జంక్షన్‌లో స్వామి ఎదుటే నిలబడి ఫోనులో చూపిస్తారు: చాలీసాలోనే సూర్యుడి దూరం ఉందట. పన్నెండువేలను వెయ్యితో, దాన్ని ఎనిమిది మైళ్లతో హెచ్చవేయాలట. యోజనానికి ఎనిమిది మైళ్లే ఎందుకు? జవాబు రావాలి గనుక. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం భూమి వ్యాసం 1600 యోజనాలంది. ఆ లెక్కన యోజనం ఐదు మైళ్లకు అటూ ఇటూ. అదే గ్రంథం సూర్యుడి దూరం సుమారు 6,89,000 యోజనాలంది, కోటీ ఇరవై లక్షలనలేదు. నిజమైన దూరానికి అది చాలా తక్కువ. కానీ అది చూసి, గుణించి, ధైర్యంగా రాసిపెట్టిన తప్పు. భక్తి మీద మాకు గౌరవం ఉంది. భక్తిని అడ్డుపెట్టుకుని మన జ్యోతిష్కుల చెమటను చెరిపేసే బద్ధకం మీద లేదు. ఈ ఫోను సందేశాలే సైన్స్ ఫిక్షన్ పేరిట కథలై మా బల్ల మీదికి వస్తున్నాయి.

మరాఠీవాళ్ల సంగతి చూడండి. జయంత్ నార్లికర్ 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ పోటీకి మారుపేరుతో కృష్ణబిలం కథ పంపి బహుమతి గెలిచాడు. ఆ ఖగోళశాస్త్రజ్ఞుణ్ణే నాసిక్‌లో 2021లో జరిగిన అఖిల భారతీయ మరాఠీ సాహిత్య సమ్మేళనానికి అధ్యక్షుణ్ణి చేసుకున్నారు. మనకు కొడవటిగంటి రోహిణీప్రసాద్ ఉండేవాడు. అణుశాస్త్రజ్ఞుడు, సంగీతజ్ఞుడు, ‘విశ్వాంతరాళం’ లాంటి పుస్తకం తెలుగులో రాసినవాడు. 2012లో పోయాడు. మన సాహిత్య సభల్లో ఆయన పేరు ఎన్నిసార్లు విన్నారో ఎవరికి వారు లెక్కవేసుకోవచ్చు.

తిరిగొచ్చిన ఆ కథను వచ్చే సంచికలో వేస్తున్నాం, పెద్దల పేజీల్లోనే. ఇకపై మాకు కథ పంపేవారికి ఒక్క షరతు: చంద్రుడు ఉంటే రాతప్రతి మార్జిన్‌లో తిథి, వేళ రాయండి. చూసుకున్నాకే అచ్చుకిస్తాం. పోటీల న్యాయనిర్ణేతలకు ఒక గంటల పంచాంగం పోస్టులో వెళ్లింది. రసీదు మా దగ్గరుంది.