రియోలో ఎవరి భద్రత?

రియో డి జనీరో వెళ్లే ఆడవాళ్లకి ప్రతివాళ్లూ ముందు జాగ్రత్తలే చెప్తారు. గొలుసు తీసెయ్యి, ఫోను బైటికి తియ్యకు, చీకటి పడ్డాక ఇసుకలోకి దిగకు, బస్సొద్దు టాక్సీ ఎక్కు, కొండమీది బస్తీల వైపు పోకు. ఈ జాబితా అబద్ధమని నేననను. దోపిడీలున్నాయి, తుపాకులూ ఉన్నాయి. కోపకబానాలో నేనూ సంచీ ఒంటికి హత్తుకునే నడిచాను. నా తగువు దాన్ని ‘స్త్రీల భద్రత’ అనడంతో. అది డబ్బుపెట్టి వచ్చిన అతిథి భద్రత. మిగిలిన ఊరంతా, ముఖ్యంగా నల్లగా, పేదగా కనిపించే ఊరంతా, అందులో ప్రమాదం ఖాతాలో పడిపోతుంది.

ఒంటరి ప్రయాణాల గురించి మనం బాగానే రాస్తున్నాం. రాయాలి కూడా. గుమ్మం దాటడానికి మనకెంత కాలం పట్టిందో తెలియనిదాన్ని కాదు. కానీ 1912 నుంచీ నడుస్తున్న కేబుల్ కారులో షుగర్‌లోఫ్ కొండెక్కి, కోర్కోవాడో మీద చేతులు చాచిన క్రీస్తుని చూసి, స్వేచ్ఛగా తిరిగొచ్చానని పొంగిపోయే ఆ రాతలకి, తన గదిలో దుప్పట్లు మార్చిన మనిషి ఎన్ని బస్సులు మారి వచ్చిందో ఎందుకు పట్టదు?

ఆమె ఊరికి ఉత్తరాన ఉన్న పేటల నుంచి వస్తుంది. 2015లో ఆ పేటల నుంచి బీచ్ వైపు నేరుగా వచ్చే బస్సు రూట్లని చాలావాటిని కత్తిరించారు. అదే ఏడాది బీచ్‌కి వస్తున్న కుర్రాళ్లని, ఎక్కువగా నల్లపిల్లల్ని, ఏ నేరమూ చెయ్యకపోయినా పోలీసులు బస్సుల్లోంచి దింపి పట్టుకుపోయారు. గుంపు దొంగతనాలు ఆపడానికట! సందర్శకుల భద్రత అలా తయారవుతుంది.

మెట్రోలో, లోకల్ రైళ్లలో ఆడవాళ్లకి వేరే పెట్టె ఉండాలని 2006లో చట్టం వచ్చింది. పనిరోజుల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 8. సిటీబస్సుల్లో ముందు సీట్ల కోసం నోరు చేసుకున్నదాన్ని, ఆ పెట్టెని వెక్కిరించలేను. కానీ హోటల్లో గిన్నెలు తోమి రాత్రి పదింటికి స్టేషనుకొచ్చే ఆమె సంగతేమిటి? మీదపడే మగవాళ్లు గడియారం చూసుకుంటారా?

విమానాశ్రయం నుంచి వచ్చే రోడ్డు పక్కనే మారె బస్తీలుంటాయి. 2010లో వాటికి అడ్డంగా తెరలు కట్టారు. శబ్దం ఆపడానికన్నారు ప్రభుత్వంవాళ్లు. తమని దాచడానికేనని బస్తీవాళ్లకి తెలుసు. ఆ మారెలో పెరిగి, నగర కౌన్సిల్‌కి గెలిచి, పోలీసు హింసని నిలదీసిన నల్లజాతి స్త్రీ మరియెల్ ఫ్రాంకో. 2018 మార్చి 14 రాత్రి, సందర్శకులు సాంబా కోసం వెళ్లే ఆ లాపాలోనే నల్లజాతి యువతుల సభలో మాట్లాడి కారులో తిరిగి వెళ్తుంటే ఆమెని కాల్చి చంపారు. డ్రైవర్ ఆండర్సన్ గోమెస్ కూడా పోయాడు. కాల్చినవాడూ వాడి కారు నడిపినవాడూ మాజీ పోలీసులే. 2024లో ఇద్దరికీ శిక్ష పడింది. ఆమె ఏ జాగ్రత్త తప్పిందో చెప్పండి! బస్సెక్కలేదు, నడవలేదు, ఒంటరిగానూ లేదు.

రియో గురించి రాయబోయే అక్కచెల్లెళ్లూ, కోపకబానాలో సూర్యోదయం చూడ్డానికి ఎలాగూ లేస్తారు కదా. బస్‌స్టాపు దగ్గర కూడా కాసేపు నిలబడండి. ఎవరు దిగుతున్నారో, ఏ గుమ్మంలోకి వెళ్తున్నారో చూడండి. పాత అపార్టుమెంట్లలో పనివాళ్ల లిఫ్టు వేరుగా ఉంటుంది. అదీ రాయండి.