బెంగళూరు దారిలో బండి ఆపండి



సెలవులు ముగిసి పిల్లలు క్లాసుకు రాగానే ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడికి పోయినారు?" అనే. జవాబులు దాదాపు ఒకటే రకంగా ఉంటాయి. బెంగళూరులో మాల్, వాటర్ పార్క్, మెట్రో రైలు. కొందరికి తిరుపతి, కొందరికి ఊటీ. అందులో తప్పేమీ లేదు. పిల్లలు సంతోషపడ్డారు, మీరూ కాస్త ఊపిరి పీల్చుకున్నారు. కానీ అనంతపురం నుంచి బెంగళూరు దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద అన్ని గంటలు ప్రయాణం చేశారు కదా, దారిలో ఏం చూశారని అడిగితే మాత్రం జవాబు రాదు. దారి పొడుగునా వాళ్లు చూసింది ఫోనే.

ఈ నెల మీతో చెప్పదలచుకున్న మాట ఒక్కటే. మన పిల్లల్లో చాలామంది ఇంటర్ తర్వాత ఈ ప్రాంతం విడిచి వెళ్తారు. నిజం చెప్పుకోవాలంటే మీరు ఫీజు కడుతున్నదీ, మేము చదివిస్తున్నదీ చాలావరకు అందుకే. వెళ్లేలోపు వాళ్లకు తమ సొంత గడ్డను ఒకసారి దగ్గరగా చూపించండి. లేదంటే రేపు హాస్టల్లో ఎవరైనా "మీ ఊళ్లో ఏముంది?" అని అడిగితే, "ఏమీ లేదు, కరువు జిల్లా" అన్న జవాబు తప్ప వాళ్ల దగ్గర ఇంకేమీ ఉండదు.

కరువు అబద్ధం కాదు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు దాటి ఇక్కడికి చేరేసరికి మేఘాల్లో తేమ తగ్గిపోతుంది. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య రుతుపవనాల వానలూ అంతంత మాత్రమే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఇది సోషల్ పాఠంలో పిల్లలు బాగానే నేర్చుకుంటారు. కానీ ఇంత తక్కువ నీళ్లతో ఇక్కడి మనుషులు వందల ఏళ్లు ఎలా బతికారు, ఏం కట్టుకున్నారు అన్నది చూసి తెలుసుకోవలసిన సంగతి. అది మన రోడ్ల పక్కనే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా విడిపోయి లేపాక్షి, పెనుకొండ, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. మన పిల్లలు రెండు జిల్లాల వాళ్లూ ఉన్నారు కాబట్టి ఇక్కడ పాత ఉమ్మడి జిల్లా అంతటినీ కలిపే చెబుతున్నాను.

చెరువు కట్ట మీద ఒక ఉదయం

అన్నిటికంటే దగ్గరగా ఉన్నదానితో మొదలుపెడదాం. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం చెరువు ఉంది. దానికి టికెట్ లేదు, ఎక్స్‌కర్షన్ బస్సులు అక్కడ ఆగవు. 14వ శతాబ్దంలో విజయనగర రాజు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు ఈ చెరువు కట్టించాడని చెబుతారు. అనంతపురానికి ఆ పేరు కూడా ఆనాటి అనంతసాగరం నుంచే వచ్చిందంటారు. అంటే మన పట్టణం ఒక చెరువు వల్ల పుట్టింది. రోజూ "అనంతపురం" అని అడ్రస్ రాసే పిల్లల్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

పొద్దున్నే కట్ట మీద నడిపించండి. తూము ఎక్కడుంది, మరవ ఎక్కడుంది, నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతాయి, ఆయకట్టు ఎంతవరకు ఉండేది అని అడగండి. మీకూ తెలియకపోతే ఫరవాలేదు. ఇంట్లో అవ్వనో తాతనో వెంట తీసుకెళ్లండి. మరవ పారిన ఏడు ఎలా ఉండేదో, కపిలతో బావి నీళ్లు ఎలా తోడేవాళ్లో వాళ్లు చెబుతుంటే మీ పిల్లలు యూట్యూబ్ అడగరు.

ఆ కట్టకు ఒక కథ ఉంది. ఒక ఏడు వానలకు చెరువు నిండి కట్ట తెగబోయిందట. ముసలమ్మ అనే రైతు ఇంటి కోడలు తన ప్రాణం ఇస్తేనే కట్ట నిలుస్తుందని తేలిందట. ఆమె గండిలోకి నడిచి వెళ్లి ఊరిని కాపాడిందని చెప్పుకుంటారు, ఇప్పటికీ ఆమెను పూజిస్తారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు విద్యార్థిగా ఉండగానే ఈ కథను తీసుకుని "ముసలమ్మ మరణం" కావ్యం రాశారు. ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు. ఆయనే తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. తెలుగు సాహిత్యంలో ఒక మలుపు మన ఊరి చెరువు కట్ట మీద మొదలైందన్నమాట.

కథ చెప్పి అక్కడితో ఆపేయకండి. కట్ట తెగితే ఎవరి ఇళ్లు మునిగేవి? కట్టను ఏటా ఎవరు బాగుచేయాలి? ప్రాణం ఇవ్వమని కథ ఒక కోడలినే ఎందుకు అడిగింది, ఊరి పెద్దను ఎందుకు అడగలేదు? ఈ చివరి ప్రశ్న మన ఆడపిల్లలు తప్పకుండా అడుగుతారు. అడగనివ్వండి.

స్తంభం కింద గుడ్డ లాగి వచ్చేస్తే చాలదు

లేపాక్షి అందరికీ తెలుసు. బెంగళూరు వెళ్తూ కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కుడికి తిరిగితే ఎంతో సేపు పట్టదు. అయినా అక్కడికి వెళ్లిన చాలా కుటుంబాలు చేసేది ఒకటే. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఇవతలికి లాగడం, నంది ముందు సెల్ఫీ, తిరుగు ప్రయాణం.

ఆ గుడ్డ లాగడం పిల్లలకు సరదాయే, లాగనివ్వండి. తర్వాత అక్కడే నిలబెట్టి ఒక ప్రశ్న వేయండి. ఈ స్తంభం నేలను పూర్తిగా ఆనకపోతే పైకప్పు ఎందుకు పడిపోలేదు? తల పైకెత్తి దూలాలు చూడమనండి. బరువు ఎటునుంచి ఎటు పోతుందో పక్క స్తంభాలను చూసి ఊహించమనండి. దీని రహస్యం తెలుసుకోవాలని ఒక ఇంగ్లీషు ఇంజినీరు స్తంభాన్ని కదిలించబోయాడని గైడ్లు చెప్పే కథ కూడా వినిపించండి. కథకూ కారణానికీ తేడా పట్టుకోవడం ఫిజిక్సులో సగం పాఠం.

వీరభద్రస్వామి గుడిని 16వ శతాబ్దంలో, అచ్యుతరాయల కాలంలో, పెనుకొండ ప్రాంత అధికారులుగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. కల్యాణ మండపం సగంలోనే ఆగిపోయింది. ఖజానా డబ్బు గుడికి ఖర్చు చేశాడని రాజుకు కోపం వస్తుందని తెలిసి, విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడనీ, ఆ ఎర్రటి మరకలే ఇవనీ చూపిస్తారు. ఇది చరిత్రా కాదా అన్నది పక్కన పెడదాం. ప్రజల డబ్బుకు లెక్క చెప్పాలి అన్న మాటను ఒక ఊరు ఇన్ని వందల ఏళ్లుగా కథగా దాచుకుంది. పదో తరగతి పిల్లలతో మాట్లాడటానికి ఇంతకంటే మంచి విషయం దొరకదు.

ఇక మండపం పైకప్పు మీది బొమ్మలు. ఐదొందల ఏళ్ల కిందట మన వాళ్లు ఏం కట్టుకునేవారో అక్కడ కనిపిస్తుంది. చీరల అంచులు, నగలు, మగవాళ్ల తల మీద పొడవాటి కుళ్లాయిలు. లతామండపం స్తంభాల మీది నమూనాలు ఈనాటికీ చీరల డిజైన్లకు పనికొస్తున్నాయి. డ్రాయింగ్ అంటే ఇష్టపడే పిల్లల చేతికి ఒక పుస్తకం, పెన్సిలు ఇచ్చి అరగంట వదిలేయండి. బయట ఒకే రాతిలో చెక్కిన నంది ఉంది. సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. మెడలోని గంటల పేరునూ, పట్టీలనూ ఎంత ఓపికగా చెక్కారో దగ్గరికి వెళ్తేనే తెలుస్తుంది. ఈ గుడినీ నందినీ కలిపి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు.

లేపాక్షికి ముందే పెనుకొండ వస్తుంది. కియా కార్ల ఫ్యాక్టరీ అక్కడుందని మన పిల్లలందరికీ తెలుసు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజులు రాజధానిని హంపి నుంచి అక్కడికే మార్చారని మాత్రం కొద్దిమందికే తెలుసు. ఒక గంట ఆగి గగన్ మహల్ చూపిస్తే ఆ పాఠం ఇక మరిచిపోరు.

మర్రిమాను చెప్పే కథ, చెప్పని కథ

కదిరి అవతల తిమ్మమ్మ మర్రిమాను ఉంది. ఐదెకరాల నేల మీద పరుచుకున్న ఒక్క చెట్టు. 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. దూరం నుంచి చూస్తే చిన్న అడవిలా ఉంటుంది. లోపలికి వెళ్లాక పిల్లలకు ఒక పని పెట్టండి: అసలు మాను ఏదో వెతకండి. వెయ్యికి పైగా ఊడలు నేలలో దిగి, ఒక్కొక్కటీ ఒక్కో మానై నిలబడ్డాయి. ఏది తల్లి, ఏది పిల్ల అన్నది తేల్చడం పెద్దవాళ్లకే కష్టం. ఊడ నేలకు తగలగానే వేరుగా ఎలా మారుతుంది, ఇన్ని ఎండలకు ఈ చెట్టు ఎలా తట్టుకుంది, దాన్ని కాపాడేందుకు అక్కడి సిబ్బంది ఏం చేస్తున్నారు అని వాళ్లనే అడగమనండి. బయాలజీ టీచర్ వారమంతా చెప్పినా ఇంత స్పష్టంగా రాదు.

అక్కడ కూడా ఒక కథ ఉంది. 15వ శతాబ్దంలో తిమ్మమ్మ భర్త చితిలో సహగమనం చేసిందనీ, ఆ చితి గుంజే చిగురించి ఈ చెట్టయిందనీ అంటారు. సంతానం లేనివాళ్లు అక్కడ మొక్కుకుంటారు. ఈ కథను పిల్లలకు ఎలా చెప్పాలని కొందరు తల్లిదండ్రులు ఇబ్బంది పడతారు. దాచవలసిన అవసరం లేదు, గొప్పగా పొగడవలసిన అవసరమూ లేదు. ఒకప్పుడు అలా జరిగేదని, 1829లో బెంగాల్‌లోనూ ఆ మరుసటి ఏడాది మద్రాసు రాష్ట్రంలోనూ దాన్ని నిషేధించారని, అందుకోసం రాజా రామమోహన రాయ్ వంటివారు పోరాడారని అదే చెట్టు కింద కూర్చుని చెప్పండి. ఒక ఊరి భక్తిని గౌరవిస్తూనే ఒక ఆచారాన్ని తప్పు అనవచ్చని పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. పెద్దయ్యాక వాళ్లకు అవసరమయ్యే విద్యల్లో అదొకటి.

"టైం ఎక్కడుంది సార్?"

ఈ మాట వింటానని నాకు తెలుసు. ఆదివారం టెస్ట్, సాయంత్రం ఫౌండేషన్ క్లాస్, ఇంటికొస్తే హోంవర్క్. మీ మాట న్యాయమే. అందుకే మొదటి విన్నపం మన స్కూళ్లకే. నెలలో ఒక్క ఆదివారం పిల్లలకు పరీక్ష లేకుండా వదలాలి. ఏడాదిలో పెట్టే ఎక్స్‌కర్షన్లలో ఒకటైనా వంద కిలోమీటర్ల లోపు ఉండాలి. దాన్ని మళ్లీ చార్టు, ఫైలు, ఐదు మార్కుల ప్రాజెక్టుగా మార్చవద్దని టీచర్లకూ మనవి. మార్కులు పెట్టిన మరుక్షణం పిల్లలు చెట్టు చూడటం మానేసి నెట్‌లో ఫొటో వెతుకుతారు.

రెండో మాట కూడా వినిపిస్తుంది. "అక్కడ సౌకర్యాలు ఉండవు, పిల్లలు పది నిమిషాల్లో బోర్ అంటారు." సౌకర్యాల మాట నిజం. చాలాచోట్ల నీడ లేదు, శుభ్రమైన టాయిలెట్లు లేవు, వివరాలు చెప్పే బోర్డులు సరిగా లేవు. కానీ మనం వెళ్లకపోతే అవి ఎప్పటికీ రావు. చూసొచ్చాక అక్కడ ఏం కావాలో పిల్లల చేతనే పంచాయతీకో పర్యాటక శాఖకో ఒక ఉత్తరం రాయించండి. సివిక్స్ పాఠం అంటే అదే. బోర్ సంగతికి వస్తే, వాటర్ పార్క్ పిల్లలను తనే ఆడిస్తుంది. పాత కోట ఆడించదు. అక్కడ పెద్దవాళ్లు కూడా పిల్లలతో కలిసి చూడాలి, మాట్లాడాలి, ఫోన్ జేబులో పెట్టుకోవాలి. చాలాసార్లు బోర్ కొట్టేది పిల్లలకు కాదు, మనకే.

ఉదాహరణకు గుత్తి కోట. మైదానం మీద సుమారు 300 మీటర్ల ఎత్తున ఉన్న రాతి కొండ. ఎక్కుతుంటే ఆయాసం వస్తుంది. అంత ఎత్తున, ఈ కరువు నేల మీద, ముట్టడి వేసినప్పుడు లోపలి సైన్యానికి తాగునీళ్లు ఎక్కడివి? పైకి ఎక్కిన పిల్లలు బండల మధ్య నీళ్లు నిలిపిన చోట్లను వెతికి పట్టుకుంటే ఆ ప్రశ్నకు జవాబు వాళ్లకే దొరుకుతుంది. 1800 నుంచి ఏడేళ్ల పాటు దత్త మండలాల కలెక్టరుగా ఉండి రైతువారీ పద్ధతితో మనకు గుర్తున్న థామస్ మన్రో, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట పాతిపెట్టింది గుత్తిలోనే. రైతు, శిస్తు, నీళ్లు, యుద్ధం ఒకే కొండ దగ్గర కలుస్తాయి.

వెళ్లే ముందు

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. మార్చి దాటాక గుత్తి కొండ పిల్లలతో ఎక్కవద్దు.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, ఇంటి నుంచి చిత్రాన్నమో పెరుగన్నమో తీసుకెళ్లండి. తిన్న ప్లాస్టిక్ మళ్లీ ఇంటికి తెచ్చుకోండి.

బుక్కరాయసముద్రానికి ఒక పూట చాలు. గుత్తికి సగం రోజు, లేపాక్షి, పెనుకొండ కలిపి ఒక రోజు, మర్రిమానుకు ఒక రోజు పెట్టుకోండి.

చెరువు దగ్గర, కోట మీద చిన్నపిల్లల చేయి వదలకండి. గోడల మీద, ఊడల మీద పేర్లు చెక్కనివ్వకండి.

ఒక రోజుకు ఒక్క చోటు, ఒక్కో చోట రెండు మూడు ప్రశ్నలు. అంతకంటే ఎక్కువ పెట్టుకోవద్దు.

వచ్చే నెల మీ పిల్లలు వేసిన ప్రశ్నల్లో మీరు జవాబు చెప్పలేకపోయినవి మాకు రాసి పంపండి. జవాబులు తెలిసిన తల్లిదండ్రులు, అవ్వాతాతలు మన మధ్యే ఉన్నారు. వాటిని ఈ పేజీలోనే అచ్చు వేద్దాం.